పాలుకిచ్చే పెయ్య

మదనపల్లె, 1948

అది కాదు బావా, నీ పుంగనూరు పెయ్యను దూడల్లో సగం పాలుకు మేపేకి ఆ జయరత్నానికి తోలతావంట, యాల? "మీ బామ్మర్ది చేతిలో కుందేలు గూడా ఈనదు" అని వాడు సంతలో నీకు సెప్పినాడంట గదా! డాక్టరమ్మ ల్యాబులో మేమిద్దరమూ కుందేళ్ళు మేపుతాండాము. వాడి బోన్ల నిండా పిల్లలే. నావి సన్నేసుల మాదిరి కూసోనుండాయి. సూస్తే కడుపు మండుతాది.

తప్పు నా చేతిది కాదప్పా. ఆయమ్మ పోతుకుందేలు బీజాలు నూరి, మందులో కలిపి, నా పోతులకు సూదేసి ఆడవాటితో జతగడతాది. అప్పుడు వాటి నెత్తురే వాటి బీజాన్ని పగోడనుకోని కొరికేస్తాదా అని సూసేకే ఈ పనంతా. వాడి పోతులకు ఉత్త నీళ్ళ సూది. నీళ్ళతో వచ్చిన పేరు బావా అది! దానికే మీసం దువ్వుతాడు, ఆ పిల్లల్ని తానే కన్నట్టు.

పెయ్యను నాకే తోలు. పుట్టే దూడల్లో సగం నీకు, సగం నాకు. వాడు దాన్ని నా ఇంటి ముందర తోలుకోని పోతే నేను సూడలేను.

ఉండు, వాడే బోన్ల కాడ అరస్తాండాడు: "అప్పా, బిరీన రా! నీ బోన్లో కుందేలు ఈనింది!"

ఈనిందంట బావా! పెయ్యను రేపే తోలు. ఆయమ్మ సూది పారలేదని తేలిపోయె, డాక్టరమ్మ మొగం మాత్రం నేనెట్ల సూసేది?