తెరచాప మీద మిరపకాయలు

సింగరాయకొండ,
గురువారం.

ప్రియమైన అన్నయ్యకు, వదినకు ప్రభువు పేరట మీ చెల్లెలు సుగుణ వందనాలు.

మేమిద్దరం ఇక్కడ బాగున్నాం. మీరు బాగున్నారన్న సంగతి మీ చేతిరాతలో చూసుకుంటే గాని నాకు కుదుటపడదు. కాబట్టి ఈసారి కార్డు ముక్క కాకుండా కాస్త వివరంగా రాయండి. వదిన మోకాలు ఎలా ఉంది? ఆముదం కాచి రాయమన్నాను, రాస్తోందా, లేక నూనె మరకలు పడతాయని మానేసిందా? పత్తికి ఈ ఏడు తెల్లదోమ ఎక్కువగా ఉందని ఇక్కడ రేడియోలో కూడా చెప్పారు. మన చేను సంగతి రాయలేదు నువ్వు. రెండో కోత మిరపకాయ కళ్ళానికి చేరిందా? గేదె ఈనిందా?

మా గురించి బెంగ పెట్టుకోవద్దు. మీ బావగారి దగ్గు తగ్గింది. ఈ మాట కిందటి ఉత్తరంలోనూ రాశాను, నువ్వు నమ్మినట్టు లేదు, అందుకే మళ్ళీ రాస్తున్నాను. నీకు తెలుసు గదా, ఆయన రిటైరై ప్రత్తిపాడు వచ్చిన మొదటి ఏడు కళ్ళాల్లో కాయ ఎండే రోజుల్లో ఒక్క రాత్రయినా పడుకుని నిద్రపోయారా? గోడకు ఆనుకుని కూర్చుని తెల్లవార్చేవారు. ఇక్కడ చలికాలంలో కూడా పల్చటి దుప్పటితో సరిపోయింది. వెచ్చటి గాలి, దుమ్ము లేని గాలి. నిద్రపోతున్నారు అన్నయ్యా, గురక పెట్టి మరీ.

ఇక నీ ఉత్తరం విషయం. మేం ఖాళీ చేసి వచ్చిన ఇల్లు, ఊరికి కొత్తగా వచ్చిన మాష్టారు దంపతులు అద్దెకు అడుగుతున్నారనీ, ఈస్టరు లోపల ఏదో ఒకటి తేల్చి చెప్పమనీ రాశావు. మేమే వచ్చేస్తే ఊడ్పించి సున్నం కొట్టిస్తానన్నావు. పైగా చివర్లో ఒక మాట కలిపావు: "చేను గట్టెక్కి చూసినా కనపడని సముద్రం కోసం ఇల్లు వదిలి పోయిన ఆడది మన వంశంలో నువ్వొక్కదానివేనే." నిజమే, నేనొక్కదాన్నే. జవాబు చివర్లో చెబుతాను. ముందు మొన్న ఆదివారం ఏం జరిగిందో చెప్పనీ.

అసలు ఈ ఊరు ఎందుకు ఎంచుకున్నానో నువ్వు ఎప్పుడూ పూర్తిగా వినలేదు. మధ్యలోనే నవ్వేవాడివి. రేవులో ఓడల్ని లాగే పడవల్లో ముప్పై ఏళ్ళు ఇంజన్ల దగ్గర పని చేసిన మనిషి ఆయన. రిటైరయ్యాక చప్పుడు లేని పడవ, తెరచాప పడవ, ఒకటి చేయించుకుంటాననేది ఆయన కోరిక. సెలవులకు వచ్చినప్పుడల్లా అదే మాట. సరే, పడవ మీది, ఊరు మాత్రం నాది అన్నాను. బతకాల్సిన చోటు ఆడవాళ్ళు ఎంచాలి. పడవ చూసేవాళ్ళు గాలి చూస్తారు గాని బావి చూడరు.

అందుకని చీరాల పక్క ఓడరేవుకీ, నిజాంపట్నానికీ, ఇక్కడికీ వెళ్ళినప్పుడల్లా మన ఇంటి కందిపప్పు దోసెడు మూట కట్టుకుని వెళ్ళాను. ఎవరింట్లో దిగితే వాళ్ళ పొయ్యి మీద, ఆ ఊరి నీళ్ళతో ఉడకబెట్టాను. ఉప్పునీళ్ళయితే పప్పు ఎంతసేపు ఉడికించినా గింజ గింజలాగే ఉంటుంది. ఇక్కడ ఏటి ఒడ్డు బావి నీళ్ళలో వెన్నలాగా ఉడికింది. మన ప్రార్థన గుడి ఉంది, డాక్టరు ఉన్నాడు, గుంటూరు వైపు బండి ఉంది. అన్నిటికన్నా ముఖ్యం, ఇక్కడ ఏరు వచ్చి సముద్రంలో కలుస్తుంది. మిగతాచోట్ల అలలు నేరుగా ఒడ్డున విరుచుకుపడతాయి, చిన్న పడవ దించడం మా వయసువాళ్ళ వల్ల కాదు. ఇక్కడ ఏట్లో దించి మెల్లగా బయటికి పోవచ్చు. ఇంటి ఖర్చు కూడా ప్రత్తిపాడులోకన్నా తక్కువే, లెక్కలు రాసే ఉంచాను, వచ్చినప్పుడు చూద్దువుగాని.

అంతా బాగానే ఉంది గాని మొదట్లో కష్టంగానే గడిచిందని ఇప్పుడు ఒప్పుకుంటాను. ఉప్పు జాడీలో నీరు కారుతుంది. అగ్గిపుల్ల వెలగదు. కత్తిపీటకు వారం తిరక్కుండా తుప్పు. చేపల పేర్లు తెలియక ముళ్ళున్నవన్నీ నాకే అంటగట్టేవాళ్ళు. సాయంత్రమయితే పత్తి మిల్లు కూత వినపడక పొద్దు పోయినట్టే అనిపించేది కాదు. "సుగుణా" అని పిలిచే గొంతు ఇంట్లో తప్ప ఊళ్ళో ఎక్కడా లేదు. ఒకరోజు సంతలో ఎవరో ఎండు మిరపకాయల బస్తా విప్పితే ఆ వాసనకు అక్కడే కాసేపు నిలబడిపోయాను, కొనేది లేకుండానే.

పడవ వానలు వెనకబట్టాక మొదలుపెట్టించి మాఘంలో పూర్తి చేయించారు. కాని ఏటి ఒడ్డున ఉన్న ఇసుకంతా చేపలు పట్టేవాళ్ళ పాలేనిది. వాళ్ళు ఒప్పుకోకుండా అక్కడ ఎవరూ పడవ ఉంచకూడదు, అది వాళ్ళ కట్టుబాటు. పాలెం పెద్ద పోలయ్య అని ఒకాయన. మీ బావగారు వెళ్ళి అడిగితే ఆయన పడవ చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, "చేపలు పట్టవు, సరుకు మొయ్యవు. ఊరికే పోయి ఊరికే వస్తానంటావు. సముద్రమేమన్నా మీ ఇంటి అరుగా సారూ?" అన్నాడు.

ఈయన కోపం తెచ్చుకుంటారేమోనని భయపడ్డాను. తెచ్చుకోలేదు. "ముప్పై ఏళ్ళు సముద్రం మీదే ఉన్నాను పోలయ్యా. ఇంజన్ మోతలో దాని చప్పుడు మాత్రం ఏనాడూ వినలేదు," అన్నారు.

పోలయ్య తలపాగా తీసి మళ్ళీ చుట్టుకున్నాడు. వాళ్ళ బాధా నిజమే. అలవాటు లేని మనిషి పడవ తిరగబడితే వేట మానుకుని, ప్రాణానికి తెగించి వెళ్ళాల్సింది వాళ్ళే. చివరికి, ఒక ఆదివారం దించు, ఊరంతా చూస్తుంది, మంచిదనిపిస్తే మా పడవల పక్కన ఉంటుంది, లేకపోతే ఎత్తుకుపోవాలి అన్నాడు. ఎత్తుకుపోతే ఎక్కడికి? ఇంకో ఒడ్డు లేదు. పడవ లేకుండా ఇక్కడ కూర్చోవడానికి మీ బావగారి మనసు ఒప్పదు. అంటే ప్రత్తిపాడే, ఆ దగ్గే, ఆ గోడకు ఆనుకుని కూర్చోవడమే. నీ ఉత్తరం కూడా సరిగ్గా ఆ వారమే వచ్చింది.

ఇప్పుడు నేను చేసిన ఘనకార్యం విను. వదినకు చదివి వినిపించు, తను నవ్వితే నాకేం కోపం లేదు.

నువ్వు రైల్లో వేయించిన మిరపకాయల బస్తా ఇక్కడి గాలికి చెమ్మగిల్లింది. ఒక ఎండ తగలకపోతే బూజు పడుతుంది. అదే రోజు తెరచాప కుట్టి వచ్చింది. లారీ పట్టాలు కుట్టే దర్జీ కుట్టాడు, మందపాటి నూలు గుడ్డ, తెల్లగా, మన కళ్ళంలో సగం ఉంది. గంజి పోయేట్టు ఉతికించి, ఇసుక మీద పరిచి, తాళ్ళు కొనడానికి ఈయన బజారుకు వెళ్ళారు. ఎండ చూస్తే నిప్పులు చెరుగుతోంది, చాప ఇట్టే ఆరిపోయింది. అన్నయ్యా, మన వైపు వాళ్ళకు పరిచిన గుడ్డ కనపడితే దానిమీద ఏదో ఒకటి ఆరబోయకుండా ఉండగలమా? బస్తా తెచ్చి కుమ్మరించాను. సాయంత్రానికి కాయ గలగలమంది. ఎత్తి, చాప దులిపి, మడిచి పెట్టాను. దులిపాననే అనుకున్నాను.

ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరుగారు ఒడ్డుకు వచ్చి ప్రార్థన చేశారు. పోలయ్య తల్లి మాలచ్చమ్మ పడవ ముక్కుకు పసుపు రాసి గంగమ్మకు కొబ్బరికాయ కొట్టింది. ప్రార్థనకూ కొబ్బరికాయకూ తగువేమీ రాలేదు. పాలెం అంతా ఇసుక మీద నిలబడి ఉంది. సముద్రం మీంచి గాలి మా వైపే వీస్తోంది. మగవాళ్ళు పడవను నీళ్ళలోకి నెట్టారు. ఈయన తాడు లాగారు. చాప పైకి లేచి మడతలు విప్పుకుంది, ఫట్‌మని గాలి పోసుకుంది.

అంతే. మడతల్లో దాగిన మిరప కోరు, ఆ ఘాటు దుమ్మంతా ఒక్కసారిగా ఊరి ముఖాన కొట్టింది.

మొదట పోలయ్య తుమ్మాడు. తరవాత తుమ్మనివాళ్ళు లేరు. పిల్లల ఏడుపు, ఆడవాళ్ళు కొంగులతో కళ్ళు తుడుచుకోవడం, కుక్కలు కూడా పరుగెత్తాయి. పడవలో ఈయన దగ్గు. ఆ దగ్గు వింటే నా ప్రాణం పోయింది. ఏ దగ్గు పోవాలని ఇంత దూరం వచ్చామో దాన్ని నా చేత్తోనే చాపలో మడిచి పెట్టాను గదా అనుకున్నాను. తెల్లటి గుడ్డ మీద అక్కడక్కడ గింజలు అంటుకుని కనపడుతున్నాయి. దాచి లాభం లేదు.

"మిరపకాయలు ఆరబోశానయ్యా," అన్నాను.

"చాప మీదా?" అన్నాడు పోలయ్య, కండువా కళ్ళ మీంచి తియ్యకుండానే.

"శుభ్రంగా ఉంది గదా అని."

ఇక ఈస్టరుకు ప్రత్తిపాడులో ఉంటాం అనుకున్నాను. ఇల్లు ఊడ్పించమని నీకు రాయాల్సిన మాటలు కూడా మనసులో పేర్చుకున్నాను. అప్పుడు మాలచ్చమ్మ ముక్కు చీదుకుని కర్ర పొడుచుకుంటూ ముందుకు వచ్చింది.

"ఒరే పోలయ్యా, దిష్టి తీసి మిరపకాయలు నిప్పుల్లో వేస్తే ఘాటు రాకుంటే గదరా దిష్టి ఉన్నట్టు? ఊరు ఊరంతా తుమ్మిందే. ఈ పడవకి ఏ కన్నూ తగల్లేదు. నిప్పు లేకుండా దిష్టి చూసిన ఆడమనిషిని నా పుట్టుకలో ఈమెనే చూశాను. పోనీయండి పడవని."

దిష్టి మనం నమ్మం గదా. పాస్టరుగారి వైపు చూశాను. ఆయన ఏమీ విననట్టు సముద్రం వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంటున్నారు. నేనూ కాదనలేదు. ఎవరో కిసుక్కుమన్నారు, అది ఒడ్డు పొడుగునా పాకింది. పోలయ్య కూడా నవ్వాడు, తుమ్ముతూనే.

ఈయన దగ్గు ఆగింది. కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని నవ్వుతున్నారు. "సుగుణా, ప్రత్తిపాడు వదిలి వచ్చామనుకున్నాం. మన వెనకాలే వచ్చింది," అన్నారు. మళ్ళీ, "ఎక్కు. నన్ను పంపించి గడపలో నిలబడే పని ముప్పై ఏళ్ళు చేశావు, ఇక చాలు," అన్నారు.

చీర కుచ్చెళ్ళు ఎగదోపి మోకాలి లోతు నీళ్ళలో దిగి ఎక్కాను. ఊరంతా చూస్తూ ఉండగానే.

అన్నయ్యా, అది ఎలా ఉంటుందో ఎలా చెప్పను. చప్పుడు లేదు. పడవ కింద నీళ్ళు మాత్రం ఎవరో చాటున గుసగుసలాడుతున్నట్టు. ఈయన ఇంజన్ కోసం వెతికినట్టు ఒక చెవి కిందికి వంచారు, తరవాత మెల్లగా తల ఎత్తారు. ఏరు దాటి బయటికి వచ్చాక గాలి కాస్త దక్షిణానికి జరిగింది. కళ్ళంలో చేట ఎత్తి గాలి కోసం ఎదురు చూసినవాళ్ళం గదా మనం, మెడ మీద ముందు నాకే తెలిసింది. చెప్పాను. ఈయన నా మాట మీద చుక్కాని తిప్పారు. పడవ మాట విన్నది. వెనక్కి తిరిగి చూస్తే కొండ మీది గుడి వేలెడంత కనపడింది, ఒడ్డున జనం ఆవగింజలంత. భయం వేస్తుందనుకున్నాను, వెయ్యలేదు.

తిరిగి వచ్చేసరికి పోలయ్య నీళ్ళలోకి దిగి పడవ ముక్కు పట్టుకున్నాడు. లాక్కెళ్ళి తన పడవ పక్కనే పెట్టించాడు. ఈయన గుంజకు తాడు కట్టబోతే చేతిలోంచి లాక్కుని, "అట్టా కట్టబాక సారూ, రాత్రి పోటుకి ఊడిపోద్ది. ఇట్టా కట్టు," అని చూపించాడు. ఇంకేం అనాలి?

ఆ రోజు నుంచి మాది మిరపకాయ పడవ. ఈయన దానికి ఏదో పేరు రాయించాలని రంగు కూడా కొన్నారు, ఇప్పుడు ఆ డబ్బా అటకెక్కింది. బస్తాలో సగం పాలెంలో ఇంటింటికీ పంచాను. పులుసులో వేసి చూసి, మీ ఊరి కాయ మంటే వేరమ్మా అంటున్నారు. మాలచ్చమ్మ నన్ను దారిలో కనపడితే "ఏమే సుగుణా" అని పిలుస్తోంది. ఆ పిలుపు విన్నప్పుడు నువ్వే పిలిచినట్టుంది.

కాబట్టి ఇల్లు మాష్టారు దంపతులకు ఇచ్చెయ్యి. పాస్టరుగారి తమ్ముడు ఈ వారం గుంటూరు వస్తున్నాడు, తాళంచెవి అతని చేతికి ఇచ్చి పంపుతున్నాను. వంటింటి గడియ కాస్త పైకెత్తి తియ్యాలని వాళ్ళకు చెప్పు. పెరట్లో గోంగూర కోసుకోమను, వేళ్ళతో సహా పీకవద్దని చెప్పు.

మీరిద్దరూ ఈస్టరు అయ్యాక ఒకసారి రండి. వదిన్ని పడవ ఎక్కిస్తాను. నిన్ను కూడా, గట్టిగా మాట్లాడనని ఒప్పుకుంటే. మన సంఘంలో పెద్దలందరికీ మా వందనాలు చెప్పు. మా కోసం ప్రార్థనలో ఒక మాట అనుకోండి. మీ ఆశీర్వాదం మా మీద ఉంచండి. మాకేం లోటు లేదు, బెంగ పెట్టుకోవద్దు.

ఇట్లు,
నీ చెల్లెలు
సుగుణ

రాయడం మరిచాను: మన కళ్ళంలో మిరపకాయలు పోసే పాత గోనె పట్టా ఒకటి రైల్లో వేయించు. ఇక్కడ ఆరబోసుకోవడానికి గుడ్డ లేదు. ఉన్న ఒక్క పెద్ద గుడ్డా ఇప్పుడు గాలికి ఇచ్చేశాను.