శేషుకుమారి మోకాలు

సహం,
18 ఆగస్టు 2017, శుక్రవారం.

చిన్నా టిమోతీ,

దేవుని కృపవల్ల నేను బాగానే ఉన్నాను. హైదరాబాదులో నువ్వూ వేళకి తింటూ బాగున్నావనే నమ్ముతున్నాను. ఇక్కడ వారం సెలవు శుక్రవారమే కదా, ఇవాళ ఆరాధన అయ్యాక తిన్నగా రూమ్‌కి వచ్చి ఈ ఉత్తరం మొదలుపెట్టాను. నాతో పనిచేసే డయానా రేపు సెలవు మీద మన దేశం వెళ్తోంది, తనే తెచ్చిస్తుంది. ఫోన్లో చెప్పొచ్చుగా అంటావు. ఫోన్లో అయితే నువ్వు నవ్విస్తావు, నేను చెప్పాల్సింది మింగేస్తాను.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. బీపీ మాత్రలు మానలేదు. ఈ ఎడారి దేశంలో ఎండ మాత్రం డ్యూటీ బస్సు ఎక్కేలోపే నెత్తి మాడ్చేస్తోంది. లేసు అల్లేవాళ్ళు కబుర్లు చెప్పుకోడానికి నువ్వు పెట్టిన సైట్‌లో మా నర్సులెవరైనా చేరారా అన్నావు. ఎవరూ చేరలేదు నాన్నా. నా రూమ్‌లో ఉండే అబిగైల్‌కి నువ్వు చెప్పినట్టే చెప్పాను, ఇది ఒక కంపెనీ సొత్తు కాదని, ఎవరి సర్వర్ వాళ్ళదని, ఏ ఊరి పోస్టాఫీసులో వేసినా ఉత్తరం ఏ ఊరికైనా చేరినట్టు ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి రాసుకోవచ్చని.

అంతా విని, "బానే ఉంది గానీ అక్కా, మా పిల్లలు ఫేస్‌బుక్‌లో ఉన్నారు, మా ఆయన వాట్సాప్‌లో ఉన్నాడు. కాళీ ఇంట్లోకెళ్ళి నేనెవరితో మాటాడనూ?" అంది. నాకు చర్రున కోపం వచ్చింది. ఆ ఖాళీ ఇంట్లో కూర్చున్నది నేనే కదా.

మొదటి నెలంతా మనిద్దరమే. నేనల్లిన బల్లగుడ్డ ఫొటో పెడితే నువ్వొక్కడివే మెచ్చుకున్నావు. తర్వాత "అమ్మా, మూసేద్దామా?" అన్నావు. నా ప్రాణం ఉసూరుమంది. నువ్వు నాతో గంటసేపు మాట్లాడేది ఆ సైట్ గురించే. అది పోతే "తిన్నావా, పడుకున్నావా" తప్ప మనకేం మిగులుతుంది?

అందుకే శేషుకుమారి చేరింది. తర్వాత ఉదయశ్రీ. తర్వాత మిగతా తొమ్మిదిమందీ. ఆ పదకొండు మందీ నేనే, టిమోతీ.

ఒకరి లేసు ఆకుపచ్చ దుప్పటి మీద పరిచి ఫొటో తీశాను, ఇంకొకరిది తువ్వాలు మీద. దారం సన్నమా లావా అని వాళ్ళలో వాళ్ళకి తగువు కూడా పెట్టాను. కానీ ఎవరిది చూసినా చివరి వరసలో ఒక కుట్టు తక్కువే ఉంటుంది. మీ అమ్మమ్మ నేర్పిన అలవాటు. దేవుడు మళ్ళీ సూది పట్టించాలంటే కొంచెం పని మిగలాలి అనేది. చిన్నప్పుడు ఆ సందులో వేలు దూర్చి ఆడుకునేవాడివి. నువ్వు పట్టేస్తావని మొదట భయపడ్డాను. పట్టలేదని తర్వాత ఏడ్చాను.

మొన్న నువ్వు "జనం వస్తున్నారమ్మా, నెలాఖరుకి ఉద్యోగం మానేసి దీనిమీదే కూర్చుంటా" అన్నప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు. రాజీనామా ఇవ్వకు. నా సొంత పేరుతో కలిపి నీ పన్నెండు మంది సభ్యులంటే మీ అమ్మ ఒక్కతే. నన్ను ఎంతైనా తిట్టు.

ఇంకొక్క సంగతి. సర్వరీ బేగం అని ఒకావిడ రాస్తుంటుంది చూడు, ఆవిడ మాత్రం నేను కాదు. మన సైట్‌లో చేరిన మనిషీ కాదు. ఎక్కడో గులాబీలు పెంచేవాళ్ళ సర్వర్ నుంచి మనకి రాస్తుంది. శేషుకుమారి ఒకసారి మోకాలి నొప్పితో మెట్లెక్కలేకపోతున్నానని రాసింది. ఈ ఉత్తరం రాయాలనుకున్నాక వారంగా నేను ఎవరి పేరుతోనూ ఏమీ పెట్టలేదు. నిన్న ఆవిడ రాసింది: "ఏమ్మా శేషూ, వారమైంది, కనపడట్లేదు. మోకాలెట్టా ఉంది? ఆముదం ఎచ్చజేసి రాయమన్నానే, రాశావా లేదా?"

ఆ నొప్పి నేను కల్పించింది కాదు నాన్నా. నాదే. మూడంతస్తులు ఎక్కలేక మధ్యలో కూర్చుండిపోతున్నాను. నీతో అనలేదు, నువ్వూ అడగలేదు.

మిగతా పేర్లన్నీ తీసెయ్. శేషుకుమారిని మాత్రం ఉంచు, సర్వర్ ఆపకు. ఆవిడకి నిజం నేనే చెప్పుకోవాలి. ఆముదం రాశానని కూడా చెప్పాలి.

ఇట్లు,
నీ పన్నెండు మంది సభ్యులూ అయిన అమ్మ,
కృపాబాయి