ఇంటికి రాప్పా

అన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఈ రోజే నీ కూతుర్ని ధర్మాసుపత్రికి తీసుకుపోయాను. దానికీ నీలాగే విడవని దగ్గు.

నిరుడు నువ్వు వెళ్తే అక్కడి డాక్టరు నీ చెయ్యి కూడా పట్టకుండా, "సాయంత్రం ఇంటికి రాప్పా" అన్నాడు. అంత పెద్దమనిషి ఇంటికి పిలిచాడని నువ్వు పొంగిపోయావు. ఉతికిన పంచె కట్టుకుని, మన చేలో శనక్కాయలు మూటగట్టుకుని పోయావు. ఆయన వసారాలో కూర్చుని వానల సంగతి మాట్లాడి వచ్చావు. మందేదని అడిగితే నన్నే కసిరావు.

"చుట్టంగా పోయిన ఇంట్లో రోగం మాట ఎత్తుతారా పాపా? ఆయప్పే అడుగుతాడులే."

అట్లా మూడుసార్లు పోయావు. నాలుగోసారికి నువ్వు లేవు.

ఈ రోజు నీ కూతుర్ని చూసి ఆ డాక్టరు నాతోనూ అదే మాట అన్నాడు. నేను సరేనని బయటికి వస్తుంటే ఆయా నా చెవిలో చెప్పింది. "ఇంటికి రమ్మంటే రెండు రూపాయలు తెమ్మని అర్థం అక్కా. దుడ్లు చేతిలో పెట్టందే ఆయప్ప నాడి పట్టడు. ఇది అందరికీ తెలిసిందే కదా."

అందరికీ తెలుసట. నీకూ నాకూ తప్ప.

నేను మళ్లీ లోపలికి పోయాను. "మీరు పిలిస్తే మా అన్న మూడుసార్లు మీ ఇంటికొచ్చినాడు సామీ. వచ్చినప్పుడల్లా శనక్కాయలు తెచ్చినాడు" అన్నాను.

ఆయన తలెత్తి గుర్తుపట్టినట్టు నవ్వాడు.

"ఆ కాయలు బాగుండేవమ్మా. ఈ ఏడు తేలేదేం?"