అల్గానెష్ కూడా తొక్కగలదు

గిండా,
సెప్టెంబరు 6

తమ్ముడు ఎస్తిఫానోస్‌కి, అక్క అల్గానెష్ దీవెనలు. అలవాటు కొద్దీ రాశాను, ఈ ఉత్తరం వరకూ వాటిని లెక్కలోకి తీసుకోకు.

ఇక్కడ నేనూ, నా కుట్టుమిషనూ క్షేమం. నువ్వు అస్మరాలో క్షేమంగా ఉన్నావని మీ సైకిల్ క్లబ్బు పత్రిక చూస్తే తెలిసింది. ఒంట్లో బాగాలేనివాడు అన్ని మాటలు రాయలేడు.

"దూరం పోయే సైకిళ్ళు: ఏ జేబుకి ఏది, ఏ కాళ్ళకి ఏది" అని పట్టిక వేశావు. బాగుంది. నల్లటి కార్బన్‌ది, ఖరీదైనది, ఆరితేరినవాళ్ళకి అన్నావు. మధ్యరకం వారానికి మూడుసార్లు తొక్కేవాళ్ళకి అన్నావు. అదీ బాగుంది. చివర చవకరకం దగ్గరికొచ్చి ఏం రాశావు? "ఇది కొత్తవాళ్ళకి. హ్యాండిల్ ఎత్తుగా, సీటు వెడల్పుగా ఉంటుంది. దీన్ని గిండాలో ఉండే మా అక్క అల్గానెష్ కూడా తొక్కగలదు."

కూడానా?

ఏరా, ఏమిటా "కూడా"? నీకు చొక్కా గుండీలు పెట్టుకోవడం నేర్పింది నేను. ముప్ఫై ఏళ్ళుగా ఈ ఊరి పెళ్ళికూతుళ్ళ బట్టలు కుట్టింది నేను. నిన్న రొట్టెల బట్టీ ఇద్రిస్ నీ పట్టికని దుకాణం ముందు నిలబడి బిగ్గరగా చదివాడు. ఆరుగురు నవ్వారు. ఇవాళ పొద్దున బస్సు కండక్టరు, "కూడా అమ్మా, ఎక్కుతున్నావా?" అన్నాడు. యాభై ఏడేళ్ళుగా మోసుకొచ్చిన పేరు ఒక్క రాత్రిలో పోయింది.

వచ్చే సంచికలో సవరణ పడాలి. పడకపోతే మీ క్లబ్బు చొక్కాలు ఎవరు కుడతారో చూస్తాను.

మీ అక్క,
అల్గానెష్

తా.క.: నీ భార్య పంపిన కాఫీ గింజలు అందాయి. ఆమె మీద నాకు కోపం లేదు. పాపం, నీతో కాపురం చేస్తోంది.

---

అస్మరా,
సెప్టెంబరు 11

అక్క అల్గానెష్‌కి, తమ్ముడు ఎస్తిఫానోస్ నమస్కరించి రాయునది.

నీ ఉత్తరం బస్సు డ్రైవరు తెచ్చి ఇచ్చాడు. కవరు మీద కూడా నీ కోపం కనిపించింది, పెన్ను మూడుచోట్ల దిగింది.

అక్కా, పందొమ్మిదేళ్ళుగా ఈ క్లబ్బులో సైకిళ్ళకి న్యాయనిర్ణేతని నేను. ప్రతి మాటా తూచి రాస్తాను. ఆ మాట నిన్ను తక్కువ చెయ్యడానికి రాయలేదు, సైకిల్‌ని ఎక్కువ చెయ్యడానికి రాశాను. నీలాంటి మనిషి తొక్కగలిగిందంటే అది ఎంత మంచి సైకిల్ అయ్యుండాలి, అని.

ఇది చదివాక నీకు ఇంకా కోపం వస్తుందని నా భార్య అంటోంది. అందుకే వాదించను. సవరణ అచ్చుకి ఇచ్చేశాను. నువ్వు దేన్ని తప్పు పట్టావో దాన్ని తీసేశాను.

ఇట్లు,
నీ తమ్ముడు

తా.క.: నీ ఉత్తరం చదివి నా భార్య మూడుసార్లు నవ్వింది. నాలుగోసారి చదవబోతుంటే లాక్కున్నాను.

---

గిండా,
అక్టోబరు 5

ఎస్తిఫానోస్‌కి, అక్క రాయునది.

సవరణ చూశాను. "గత సంచికలో 'అల్గానెష్ కూడా తొక్కగలదు' అని పడింది. 'అల్గానెష్ తొక్కగలదు' అని చదువుకోవలెను."

ఒరేయ్! నేను పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడైనా సైకిల్ ఎక్కానట్రా?

ఊరంతా దాన్ని నమ్మేసింది. అచ్చులో పడింది కదా. మన బడిలో ఎనిమిది మంది ఆడపిల్లలు సైకిల్ జట్టు కట్టారు, మీ క్లబ్బు వాళ్ళకి సైకిళ్ళు ఇస్తుందటగా. హెడ్మాస్టరు మనిషిని పంపి నన్ను బడికి పిలిపించుకున్నాడు. "జనవరిలో ఇక్కణ్ణుంచి కొండెక్కి నెఫసిత్ దాకా క్లబ్బు సవారీ ఉంది. మీరు మా పిల్లల్ని వెంటబెట్టుకుని రావాలమ్మా" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే పిల్లలు చప్పట్లు కొట్టారు. ఒక పిల్లయితే నా చెయ్యి ముద్దుపెట్టుకుంది. అప్పుడు ఏం చెప్పమంటావు? తొక్కడం రాదంటే నువ్వు అబద్ధాలకోరువి. వచ్చంటే నేను. తమ్ముడి పరువు కాపాడదామని తల ఊపాను, తెలివితక్కువదాన్ని.

మర్నాడే సైకిళ్ళ దుకాణంవాడు చవకరకం ఒకటి తెచ్చి దింపాడు. "సవారీ అయ్యేదాకా మీ దగ్గరే ఉంచండి, మా దుకాణానికి గౌరవం" అంటాడు. అది నా మిషను పక్కన కొత్తల్లుడిలా నిలబడి ఉంది, ఏ పనీ చెయ్యకుండా, దారికి అడ్డంగా.

మండిపోతున్న
అల్గానెష్

తా.క.: బ్రేకు ఏ చేతి వైపు ఉంటుంది? ఊరికే అడుగుతున్నా.

---

అస్మరా,
అక్టోబరు 12

అక్కకి, తమ్ముడు నమస్కరించి రాయునది.

తీసెయ్యమన్నదీ నువ్వే, తీసేస్తే తిట్టేదీ నువ్వే.

బ్రేకులు రెండు. ముందుది ఒక్కటే గట్టిగా పట్టుకోకు, ఎందుకో తర్వాత తెలుస్తుంది. చూపు ముందుండాలి, చక్రం మీద కాదు. భుజాలు వదులుగా పెట్టు. ఎత్తు వచ్చేముందే గేరు మార్చు, వచ్చాక కాదు. మొదటి వారం రోజుకి అరమైలు చాలు. ఇవన్నీ కొత్తవాళ్ళ మెట్టులోవి. మిగతా రెండు మెట్లూ నీకు అవసరం రావు.

గిండా పిల్లల సంగతి కమిటీ నా పట్టిక చూసే నిర్ణయిస్తుంది. కొత్తవాళ్ళు కనక ఎనిమిదీ చవకరకమే.

ఇట్లు,
ఎస్తిఫానోస్

తా.క.: కాగితం కొరతగా ఉంది. కొన్ని నెలలపాటు గిండాకి పత్రిక రాదు. ఎదురుచూడకు.

---

గిండా,
నవంబరు 20

ఎస్తిఫానోస్‌కి, అల్గానెష్ రాయునది. అక్క అన్న మాట కావాలనే వదిలేశాను.

నాకు సైకిల్ వచ్చేసింది. నలభై రోజులు పట్టింది. రోజూ సాయంత్రం బట్టీ చల్లారాక ఇద్రిస్ సీటు పట్టుకుని నా వెనక పరిగెత్తాడు. అరవై ఏళ్ళ మనిషి. "అల్గానెష్, నా పొట్ట కరిగిపోతోంది. ఇంత బక్కవాణ్ణి చూసి ఎవడు రొట్టె కొంటాడు?" అని ఏడుస్తాడు. ఒకసారి నేరుగా బెలెస్ ముళ్ళపొదలోకి పోయాను. ఇద్రిస్ భార్య, నేను తలుపు గడియ పెట్టుకుని మధ్యాహ్నమంతా ముళ్ళు తీశాం. ఒక్కో ముల్లుకీ నిన్ను ఒక్కో మాట అన్నాం. మాటలైపోయాయి గానీ ముళ్ళు కాలేదు.

ఇప్పుడు అసలు కోపం విను. ఊళ్ళో చదును మీద నీ చవకరకం బాగానే ఉంది, కాదనను. నడుము పట్టెయ్యదు. నెఫసిత్ రోడ్డెక్కాక బయటపడింది దాని గుణం. పధ్నాలుగు కిలోలు! అన్నిటికన్నా తేలిక గేరు వేసినా మోకాలు కీచుమంటోంది. అక్కడే రాయి మీద కూర్చుని నీ పట్టిక తీసి మళ్ళీ చదివాను. ఖరీదైనది ఎనిమిది కిలోలట. కొండెక్కే గేర్లు కావలసినన్నట. ఎవరికది? ఇప్పటికే కాళ్ళు ఇనుములా ఉన్నవాళ్ళకి. కాళ్ళలో ఏమీలేని కొత్తవాళ్ళకి మాత్రం సైకిలే ఇనుము!

నా దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చిన పిల్లకి పదునైన కత్తెర ఇస్తాను రా నేను. మొద్దు కత్తెరతో నేను కత్తిరించగలను, ఆ పిల్ల కత్తిరించలేదు. ఇంత చిన్న సంగతి పందొమ్మిదేళ్ళ న్యాయనిర్ణేతకి తట్టలేదా?

ఇంకా ఉంది. ధర వేరు, నేర్పు వేరు. రెండిట్నీ ఒక్క గడిలో ఎందుకు కుక్కావు? డబ్బుండి చేతకానివాళ్ళు లేరా? మీ అధ్యక్షుడు గారు నల్ల సైకిల్ మీద కాఫీ దుకాణం నుంచి కాఫీ దుకాణానికి పోవడం అస్మరా వచ్చినప్పుడు నా కళ్ళతో చూశాను. డబ్బు లేకుండా చేతనైనవాళ్ళు లేరా? ఈ జట్టులో రహ్వా అనే పిల్ల రోజూ వాళ్ళ నాన్న తుప్పు సైకిల్‌కి రెండు పాలక్యాన్లు కట్టుకుని కొండెక్కుతుంది. ఆ పిల్లకి "కొత్తవాళ్ళు" అని పేరు పెట్టి పధ్నాలుగు కిలోలు అంటగడతావా?

పిల్లలకి మధ్యరకం ఇప్పించు. లేదా వచ్చి నాతో కొండెక్కి, ఎక్కాక మాట్లాడు.

అల్గానెష్

తా.క.: మొన్న రెండు గంటలు సీటు మీద కూర్చునేసరికి కింద చిరిగింది. నేనే ఏడు కుట్లు వేసి, దూది పెట్టుకున్నా. ఇప్పుడు మెత్తగా, హాయిగా ఉంది. ఎవరికీ చెప్పకు.

---

అస్మరా,
నవంబరు 24

అక్కా!

ఏడు కుట్లా? నీకు మతి పోయిందా? కుట్లు నీకు నువ్వే వేసుకోవడమేమిటి? అది బట్ట కాదక్కా!

నీ ఉత్తరం చదివి నా భార్య కూలబడిపోయింది. చిన్నమ్మ కూతురు లెమ్లెమ్ చేత ఆసుపత్రిలో సెలవు పెట్టించి రేపటి బస్సులో పంపుతున్నాను. గాజుగుడ్డ, మందు అన్నీ తెస్తుంది. నర్సు దగ్గర సిగ్గుపడకు. దారం రంగుదైతే వెంటనే తీయించెయ్యి.

సవారీకి నువ్వు రావద్దు. ఇది తమ్ముడిగా చెప్పే మాట. పిల్లల సైకిళ్ళ మీద కమిటీ తీర్మానం అయిపోయింది, చవకరకమే. దాని గురించి నీ ఆరోగ్యం పాడుచేసుకోకు.

కంగారులో ఉన్న
ఎస్తిఫానోస్

తా.క.: నువ్వు చెప్పినట్టే ఎవరికీ చెప్పలేదు. క్లబ్బులో అందరూ నిన్ను త్వరగా కోలుకోమన్నారు.

---

గిండా,
జనవరి 15

ఎస్తిఫానోస్‌కి, అక్క రాయునది.

మొన్న సవారీ అయ్యాక జీపులో అందరి ముందూ అనడం ఇష్టంలేక నోరు మూసుకున్నాను. ఇప్పుడు మొదటినుంచీ అంటున్నా, కూర్చుని విను.

ఒకటి. ఆ లెమ్లెమ్ ఇంట్లోకి వస్తూనే తలుపేసి, "అక్కా, బోర్లా పడుకో" అంది. నేను అరిచిన అరుపుకి ఇద్రిస్ రొట్టెలు మాడ్చుకున్నాడు. చిరిగింది మా ఆయన పాత ప్యాంటు రా, వెధవా! దానికి వేశాను కుట్లు, దానిలో పెట్టాను దూది. లెమ్లెమ్ ఆ ప్యాంటు వేసుకుని చూసి, తనకీ ఒకటి కుట్టించుకుని వెళ్ళింది. ఆసుపత్రి కుర్చీ గట్టిగా ఉంటుందట.

రెండు. సవారీ రోజు దారి పొడుగునా ముక్కూ మొహం తెలియనివాళ్ళు నన్ను పేరు పెట్టి పిలిచారు. నెఫసిత్ దగ్గర పళ్ళమ్మే ముసలమ్మ నా చెయ్యి పట్టుకుని, "కుట్లు మానాయా తల్లీ?" అంది. ఎవరో పెద్దమనిషి, "కత్తెర మాట బాగా చెప్పావమ్మా" అన్నాడు. వీళ్ళందరికీ ఎలా తెలిసింది? ఆ బస్సు డ్రైవరు ఉత్తరాలు విప్పి చదువుతున్నాడు. వాడి సంగతి తేలుస్తాను.

మూడు. మీ అధ్యక్షుడు గారు. వానజల్లు, మంచు, పది అడుగుల అవతల ఏమీ కనబడటం లేదు. నేను అందరికన్నా వెనక, నా పధ్నాలుగు కిలోలతో. సగం దారిలో మలుపు దగ్గర ఆయన నల్ల సైకిల్ గోడకి ఆనించి నోరు తెరుచుకుని నిలబడి ఉన్నాడు. కమలాపండు ఒలిచి ఇచ్చాను. "అయ్యా, మీరు ఎలాగూ నడిచేట్టున్నారు. ఒక్క మైలు మార్చుకుందామా?" అన్నాను. తలూపి, నల్లది నా వైపు తోశాడు.

ఎక్కాను. ఎస్తిఫానోస్, ఎవరో వీపు మీద చెయ్యి వేసి పైకి నెడుతున్నట్టుంది రా. మోకాలు మాట్లాడలేదు. నాకు ఏడుపొచ్చింది. సంతోషం కాదు, కోపం! ఇంత హాయి ఉందని తెలిసి కూడా పిల్లలకి ఇనుము రాశారా మీరంతా? మైలు దాటాక మీ కోశాధికారి దగ్గర మధ్యరకం తీసుకుని ఇంకో మైలు తొక్కాను. కొంచెం బరువే. కానీ దాని వెనక పళ్ళచక్రం చిన్న హింబాషా రొట్టెంత ఉంది, కొండని ముక్కలు ముక్కలుగా నమిలేస్తుంది. టైర్లు లావు, గుంతలు తెలియవు. కొత్తవాళ్ళకి అదిరా కావలసింది. ఖరీదైనదాన్ని అధ్యక్షుడు గారే ఉంచుకోవచ్చు. తోసుకుంటూ నడవడానికి తేలిగ్గా ఉంటుంది.

నాలుగు. నువ్వు. అంత వానలో ఎనిమిది మంది పిల్లలు, మీ క్లబ్బువి ఇంకా రాక, అరువు సైకిళ్ళ మీద ఎక్కారు, నీ అక్క ఎక్కింది. నువ్వు జీపులో టీ ఫ్లాస్కు పట్టుకుని కూర్చున్నావు. ఒక్క మలుపు దగ్గరన్నా దిగావా? అద్దం తీసి "భుజాలు వదులు, అక్కా!" అని అరిచావు. సమాధానం చెప్పు.

అల్గానెష్

తా.క.: నా సైకిల్ దొడ్లో పెట్టిన చోట లేదు. గోడకి ఆ చివర, మూతి ఇటు తిప్పి ఉంది. కోతుల పని అయ్యుంటుంది. దారిలో నా రొట్టె లాక్కున్నదీ అవే.

---

అస్మరా,
జనవరి 19

మా అక్క అల్గానెష్‌కి, తమ్ముడు ఎస్తిఫానోస్ పాదాలంటి రాయునది.

బస్సు డ్రైవరుని ఏమీ అనకు. అతని తప్పేం లేదు. నీ ఉత్తరాలన్నీ పత్రికలో అచ్చయ్యాయి. నవంబరు, డిసెంబరు, జనవరి. నా శీర్షిక కిందే, నీ పేరుతో. గిండాకి పత్రిక రాకపోవడానికి కారణం కాగితం కాదు, నువ్వు. కుట్ల తా.క. తీసేద్దామనే అనుకున్నాను, అప్పటికే అక్షరాలు కూర్చేశారు.

ఎందుకు చేశానో చెప్తాను. పట్టిక వేశాక సంపాదకుడు, "ఈ మూడూ తొక్కినప్పుడు ఎలా ఉందో వివరంగా రాయి" అన్నాడు. నా దగ్గర రాయడానికి ఏమీ లేదు. అక్కా, నేను సైకిల్ తొక్కి ఇరవై ఆరేళ్ళయింది. నెఫసిత్ నుంచి గిండాకి దిగే రోడ్డులో ఒక మలుపు దగ్గర పడ్డాను, భుజం విరిగింది. అమ్మకి బస్సు దిగుతూ పడ్డానని చెప్పాను. భుజం అతుక్కుంది, భయం పోలేదు. క్లబ్బులో మోకాలినొప్పి అని చెప్పి న్యాయనిర్ణేతల బల్ల దగ్గర కుర్చీ వేసుకున్నాను. సైకిళ్ళని గోడకి ఆనించి, టైరు బొటనవేలితో నొక్కి, డబ్బాల మీద రాసినవి చదివి పట్టికలు వేశాను. ఇన్నేళ్ళలో నా శీర్షికలో సీటు మీద కూర్చుని రాసిన మొదటి మాటలు నీవే.

జీపు దిగకపోవడానికి కారణం అది. నువ్వు కమలాపండు ఒలిచి ఇచ్చిన మలుపు అదే. నేను కళ్ళు మూసుకుని ఉన్నాను.

కమిటీ నిన్న మళ్ళీ కూర్చుంది. ఎనిమిది చవకరకానికి బదులు ఐదు మధ్యరకం ఇస్తున్నారు. వంతులవారీగా తొక్కాలి, అంతకన్నా రాలేదు. అధ్యక్షుడు గారే చెయ్యి ఎత్తి ముందు ఒప్పుకున్నాడు. గురువారం బస్సు మీద వస్తాయి. ఆయన దూది ప్యాంటు కొలతలు ఈ కవరులోనే ఉన్నాయి, నడుము దగ్గర కాస్త ధారాళంగా కుట్టమన్నాడు.

ఇక నీ దొడ్లో సైకిల్. కోతులు కాదక్కా. ఆ సాయంత్రం నువ్వు లోపల వేడి ఉప్పునీళ్ళలో కాళ్ళు పెట్టుకుని నన్ను తిడుతున్నావు, కిటికీలోంచి వినబడుతోంది. నేను నీ పధ్నాలుగు కిలోలు తీసుకుని ఎక్కాను. గోడ ఈ చివర నుంచి ఆ చివరదాకా. రెండు బ్రేకులూ పట్టుకునే. పడలేదు. మళ్ళించడం చేతకాక దిగి, మూతి తిప్పిపెట్టి వచ్చేశాను. లోపలికొస్తే, "ఏరా, చెమటలేమిటి?" అన్నావు. "షిరో కూర కారంగా ఉంది" అన్నాను.

ఫిబ్రవరిలో నాలుగు రోజులు సెలవు పెట్టాను. ఇద్రిస్‌ని అడుగు, నా వెనక పరిగెత్తగలడేమో.

ఇట్లు,
నీ తమ్ముడు ఎస్తిఫానోస్

తా.క.: ఇది ఉత్తరం కాదక్కా, ఫిబ్రవరి సంచిక మొదటి పేజీ ప్రూఫు. నీకు అందేసరికి క్లబ్బంతా చదివేసి ఉంటుంది.