కాలువ వైపు కిటికీ

మనలి, శుక్రవారం

బాప్తిస్మం తరగతిలో ఈరోజు నేనే ఇరుక్కుపోయాను. తొలి క్రైస్తవులు పారే నీళ్లలోనే బాప్తిస్మం ఇవ్వాలని చూసేవారని, దేవుడు చేసిన నీళ్లన్నీ పవిత్రమేనని నమ్మేవారని చెప్పాను.

ఈ ఆదివారం బాప్తిస్మం తీసుకోబోయే శాంతమ్మ లేచి అడిగింది. "ఆడ కాలవ పారతానే ఉండాది గదా అయ్యగారా, మనకి ఈడ తొట్టెందుకు?"

ఆ కాలువలోకి నూనె వదిలే ఫ్యాక్టరీలోనే ఆమె కొడుకుతో సహా మా సంఘంలో సగంమంది పనిచేస్తున్నారు. అందరూ తలలు వంచుకున్నారు.

"ఆడ మెట్లు జారతాయమ్మా" అన్నాను. అక్కడ అసలు మెట్లే లేవని ఆమెకూ తెలుసు.

నేను నోరు తెరిస్తే వాళ్ల కూడు పోతుంది. మూసుకుంటే…

ఆదివారం ఆమెను తొట్టిలోనే ముంచుతాను. దేవుడు చేసినదంతా మంచిదేనని చదివేముందు కాలువ వైపు కిటికీ మూయించాలి. వాసన వస్తుంది.