డాక్టరమ్మ అడిగిన ఆఖరి ప్రశ్న

అక్కా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. నేను ఇంకా లావయ్యాను.

ఒళ్లు తగ్గే ఇంజెక్షన్ ఆన్‌లైన్‌లో చవగ్గా ఎవరిస్తారా అని వెతికాను. అందరికంటే చవకైనవాడు అడ్రసు తప్ప ఏమీ అడగలేదు. సంబరంగా బుక్ చేయబోతుంటే నువ్వు గుర్తొచ్చావు. మన ఇంటి దగ్గరి మోవా బజార్లో కూరగాయలవాడు మొదటి బేరానికే ఒప్పుకుంటే, "గబుక్కున ఒప్పుకున్నాడంటే వంకాయలు పుచ్చులేనే!" అని బుట్ట అక్కడే వదిలేసేదానివి.

వాణ్ణి వదిలేసి, కాస్త ఎక్కువ తీసుకునే ఇంకోచోట చూశాను. అక్కడ వీడియోలో డాక్టరమ్మ వంద ప్రశ్నలు వేసింది. ఆఖర్న, ఇంట్లో ఎవరికైనా థైరాయిడ్ కేన్సర్ ఉందా అని హిందీలో అడిగింది.

"మా అక్కకి," అన్నాను.

ఏ రకమని ఆవిడ అడిగితే, బావ పారేయమన్నా నేను దాచిన నీ ఫైలు తీసి చదివాను.

"నహీ దీదీ, యే దవా ఆప్‌కే లియే నహీ హై," అంది. ఇంట్లో ఆ రకం ఉంటే ఈ మందు ఇవ్వకూడదట. నన్నూ పరీక్ష చేయించుకోమంది. చేయించాను, ఏమీ లేదు.

ఇప్పుడు రోజూ పొద్దున్నే నడుస్తున్నాను. ఇవాళ దారిలో కూరగాయలవాడు నేనడిగిన ధరకి వెంటనే తలూపాడు.

బుట్ట అక్కడే వదిలేసి వచ్చేశాను.