నా ముడులు చెరపకు

అన్నయ్యా,

బెంజ్ సర్కిల్ షాపుకి వెళ్తున్నాను. నువ్వు తీసిన జాకెట్టు ఫోటో చూసి ఆ షాపావిడ ఫోన్ చేసింది, "చేతుల మీద వర్కే లేదు కదమ్మా" అని. కరెంటు లేనప్పుడు తీశావు కాబట్టి ఫోటో నిండా చుక్కలొచ్చాయి. వాటిని పోగొట్టాలని సాఫ్ట్‌వేర్‌లో నాయిస్ తీసే స్లైడర్‌ని చివరిదాకా లాగేశావు. తొమ్మిది రోజులు మగ్గం మీద కూర్చుని నేను కుట్టిన సన్నటి ముడులు కూడా వాటితోపాటే పోయాయి.

ఒరిజినల్ మళ్లీ తెరువు. రంగురంగుల చుక్కలు పూర్తిగా తీసెయ్. మిగతా గరుకు కొంచెమే తగ్గించు, అదీ వెనక గోడ మీదే. జాకెట్టు జోలికి పోకు. హండ్రెడ్ పర్సెంట్ జూమ్‌లో పెట్టి ముడులు లెక్కపెట్టు, ఒక్కో చేతికి అరవై నాలుగుండాలి. ఫోటో గరుగ్గా ఉందని ఎవరైనా అంటే అననీ.

"నున్నగా ఉంటేనే నీట్‌గా ఉంటుంది, నీకేం తెలుసు" అన్నావుగా రాత్రి. నాకు ముడులు తెలుసు. అందుకే జాకెట్టే పట్టుకెళ్తున్నా. ఆవిణ్ణి వేలితో తడిమి చూడమంటాను.

పప్పు స్టవ్ మీదుంది, వేడి చేసుకో.

వినీల

అన్నట్టు, ఫోటో మూలన వేసుకున్న నీ స్టూడియో పేరు మాత్రం ఒక్క అక్షరం కూడా చెరగలేదు. ఈసారి దాని పక్కనే, అంతే సైజులో, నా పేరు కూడా వెయ్యి.